చెట్ల కొమ్మలు కొట్టే కార్మికుడు పడిపోతే.. పరిహారం ఎవరివ్వాలి?

వానాకాలానికి ముందు కాలనీల్లో చెట్ల కొమ్మలు కొట్టించే పని జోరుగా సాగుతుంది. తీగలకు తగులుతున్నాయని డిస్కంలు, రోడ్డుకు అడ్డమని మున్సిపాలిటీలు, ఇంటి మీద పడతాయని యజమానులు ఈ పని చేయిస్తారు. చెట్టెక్కేది మాత్రం చాలాచోట్ల కాంట్రాక్టర్ పంపిన రోజుకూలీయే. అతను ప్రమాదంలో చనిపోతే ఎవరో కొంత నగదు తెచ్చి, కాగితంపై సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. దాంతో కేసు ముగిసిందని కుటుంబం అనుకుంటుంది. కానీ చట్టం అలా చెప్పడం లేదు.

ప్రమాదాలు ఎలా జరుగుతున్నాయి?

ముఖ్యంగా మూడు రకాలుగా. ఎత్తు నుంచి జారిపడటం, కరెంట్ షాక్, తెగిన కొమ్మ మీద పడటం. షాక్ కొట్టాలంటే తీగను చేత్తో ముట్టుకోనక్కర్లేదు. పచ్చి కొమ్మ తీగకు తగిలినా, ఇనుప నిచ్చెన ఆనినా చాలు. వాన పడి చెట్టు తడిసి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

చట్టం ఏం చెబుతోంది?

పనిలో ఉండగా, ఆ పని వల్ల ప్రమాదం జరిగితే పరిహారం యజమాని బాధ్యత. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని ఈ నిబంధనలు, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోకి మారాయి. తాటిచెట్లు గీయడం, చెట్లు నరకడం, కరెంట్ లైన్ల నిర్వహణ వంటి పనులు చట్టం జాబితాలో పేరుతో సహా ఉన్నాయి.

'హెల్మెట్ పెట్టుకోలేదు', 'తాగి చెట్టెక్కాడు' అనే సాకులు మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కేసుల్లో చెల్లవు.

ఎంత వస్తుంది?

మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. శాశ్వత పూర్తి వైకల్యమైతే 60 శాతాన్ని హెచ్చిస్తారు. 2020 జనవరిలో కేంద్రం ఖరారు చేసిన పరిమితి ప్రకారం లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా రూ.15,000. 30 ఏళ్ల వ్యక్తికి గుణకం 207.98. అంటే ఈ పరిమితితో మరణానికి రూ.15,59,850, పూర్తి వైకల్యానికి రూ.18,71,820 అవుతుంది. వయసు పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది. 40 ఏళ్లకు అది 184.17.

కార్మికుడికి ఈఎస్ఐ ఉంటే ఈ పరిహారానికి బదులు ఈఎస్ఐ నుంచే ప్రయోజనాలు అందుతాయి. రెండూ రావు.

కాంట్రాక్టర్ తప్పించుకుంటే?

డిస్కం, మున్సిపాలిటీ వంటి సంస్థలు తమ పనిని కాంట్రాక్టర్‌కు అప్పగిస్తే, కార్మికుడి కుటుంబం నేరుగా ఆ సంస్థనే పరిహారం అడగవచ్చు. చెల్లించిన సొమ్మును సంస్థ తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకుంటుంది. సొంతింటి చెట్టు కొట్టించే యజమాని విషయం ఇంత సూటిగా ఉండదు. అక్కడ కాంట్రాక్టర్ ఉంటే ముందు బాధ్యత అతనిదే. కూలీని నేరుగా పిలిస్తే వివాదానికి అవకాశం ఉంటుంది.

సంతకం పెడితే హక్కు పోతుందా?

పోదు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. మరణం కేసులో పరిహారాన్ని కార్మిక శాఖ అధికారి వద్ద జమ చేయాలి. నేరుగా కుటుంబానికి ఇచ్చిన నగదును పరిహారంగా పరిగణించరు. అడ్వాన్సుగా ఇచ్చిన మూడు నెలల జీతం వరకు మాత్రం మినహాయించుకోవచ్చు. చెల్లింపు నెల దాటితే వడ్డీ, సరైన కారణం లేకపోతే అసలులో సగం వరకు జరిమానా అదనం.

కుటుంబం ఏం చేయాలి?

• 108కు ఫోన్ చేయాలి. పనిచేస్తుండగా ప్రమాదం జరిగిందని ఆస్పత్రి రికార్డులో రాయించాలి.
• పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవాలి. మరణిస్తే పోస్టుమార్టం నివేదిక తప్పనిసరి.
• పని పురమాయించిన ఫోన్ కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ చెల్లింపులు, ఘటనాస్థలి ఫొటోలు, తోటి కూలీల వివరాలు భద్రపరచాలి. అపాయింట్‌మెంట్ లెటర్ లేని చోట ఇవే ఆధారాలు.
• రెండేళ్లలోపు కార్మిక శాఖ కార్యాలయంలో క్లెయిమ్ వేయాలి.
• ప్రధానమంత్రి సురక్ష బీమా ఉందేమో బ్యాంకులో అడగాలి. ఏడాదికి రూ.20 ప్రీమియంతో ప్రమాద మరణానికి రూ.2 లక్షలు వస్తాయి. ఇది యజమాని ఇచ్చే పరిహారానికి అదనం.

పని చేయించేవారు ఏం చూడాలి?

చెట్టు దగ్గర తీగలుంటే 1912కు ఫోన్ చేసి, డిస్కం సిబ్బంది సరఫరా ఆపాకే పని మొదలుపెట్టించాలి. ఇంట్లో మెయిన్ ఆపితే వీధి తీగలో కరెంట్ ఆగదు. హెల్మెట్, సేఫ్టీ బెల్ట్, కింద ఒక మనిషి లేకుండా ఎవరినీ చెట్టెక్కించకూడదు. అపార్ట్‌మెంట్ సంఘాలైతే కార్మికుల బీమా కాగితాలు చూశాకే కాంట్రాక్టర్‌కు పని ఇవ్వడం మంచిది.