ఇంటి వీడియోలో మాట, సంగీతం: ధ్వని సమతూకం చరిత్ర

పాత పెళ్లి వీడియో క్యాసెట్లను మీరు చూసే ఉంటారు. తెరమీద తాతగారు ఎవరినో పిలిచి ఏదో చెప్పి నవ్వుతుంటారు. వినిపించేది మాత్రం ఆ కాలపు సినిమా పాట. ఆయన ఏమన్నారో తెలుసుకొనే అవకాశం చాలా క్యాసెట్లలో లేదు. ఇందుకు ఎడిటింగ్ చేసినవారి అభిరుచి కొంత కారణం, ఆనాటి టేపు నిర్మాణం అంతకంటే పెద్ద కారణం. కుటుంబ వీడియోలను సామాజిక చరిత్రకు ఆధారాలుగా పరిశీలించదలచిన విద్యార్థి ఈ రెండో కారణాన్ని తప్పక అర్థం చేసుకోవాలి.

ఈ సమస్య టాకీలతో మొదలైంది. 1927లో ‘ది జాజ్ సింగర్’ విడుదలైన తరువాత కొన్నేళ్లపాటు, ఒకసారి రికార్డు చేసిన ధ్వనిని మరొకదానితో కలిపి తిరిగి రికార్డు చేస్తే నాణ్యత బాగా దెబ్బతినేది. అందువల్ల మాటనూ వాద్యాలనూ చిత్రీకరణ సమయంలోనే ఒకేసారి రికార్డు చేసేవారు. 1931 నాటి ‘ఆలం ఆరా’లో పాటలకు వాద్యకారులు కెమెరా కంటికి కనబడకుండా దాగి వాయించారు. సమతూకం అంటే అప్పట్లో మనుషులను మైకుకు దగ్గరగానో దూరంగానో కూర్చోబెట్టడమే. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కూడా ఈ దశకు చెందినదే.

1930ల తొలి భాగంలో రీరికార్డింగ్ మెరుగుపడింది. సంభాషణ, సంగీతం, ఇతర శబ్దాలను వేర్వేరు ట్రాకులమీద ఉంచి చివర కలిపే పద్ధతి స్థిరపడింది. మాక్స్ స్టైనర్ సంగీతం సమకూర్చిన ‘కింగ్ కాంగ్’ (1933) దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ దశాబ్దం మధ్యనాటికే, మాట మొదలుకాగానే సంగీతాన్ని దానంతటదే తగ్గించి, మాట ఆగగానే పెంచే పరికరం హాలీవుడ్ స్టూడియోలకు వచ్చింది. నేటి సాఫ్ట్‌వేర్‌లో ‘డకింగ్’ అనే సదుపాయం చేసేది ఈ పనే. (ఆ పేరుకు బాతుతో సంబంధం లేదు, తల వంచడమని అర్థం.) మన దేశంలో 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ఒకే చిత్రాన్ని తెలుగుతో సహా అనేక భాషల్లో వ్యాఖ్యానంతో అందించింది. భాషకొక వ్యాఖ్యానం కావాలంటే మాట, సంగీతం విడివిడిగా ఉండక తప్పదు.

ఈ సౌకర్యం ఇళ్లకు చేరడానికి చాలాకాలం పట్టింది. కొడాక్ సంస్థ 1965లో తెచ్చిన సూపర్ 8 ఫిల్ముకు మొదట ధ్వని లేదు. 1973లో ధ్వనితో కూడినది వచ్చింది. ఫిల్ము అంచున ఉండే సన్నని అయస్కాంత పట్టీ మీద ధ్వని నమోదయ్యేది. సంగీతం మీద మాట చేర్చాలంటే, కొన్ని ప్రొజెక్టర్లలో పాత ధ్వనిని పాక్షికంగా చెరుపుతూ దానిపై కొత్తదాన్ని రికార్డు చేసేవారు. ఎంత చెరపాలో అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి. ఎక్కువ చెరిపితే పోయినది తిరిగి రాదు.

వీహెచ్ఎస్ (1976) టేపులోని లోపల నిర్మాణం ఇంకా ఆసక్తికరం. దాని అంచున ధ్వనికి ఒక ట్రాకు ఉండేది. ‘ఆడియో డబ్’ మీట నొక్కితే బొమ్మ అలాగే ఉండి, ఆ ట్రాకుమీది పాత ధ్వని పోయి కొత్తది చేరేది. పెళ్లి మాటల చోట సినిమా పాట రావడానికి ఇదొక మార్గం. 1980లలో వచ్చిన హై-ఫై వీసీఆర్‌లు ధ్వనిని తిరిగే డ్రమ్ము ద్వారా బొమ్మతోపాటే నమోదు చేశాయి కనుక, దానిని తరువాత విడిగా మార్చడం కుదిరేది కాదు. అంటే హై-ఫైలో తీసిన టేపు మీద ఆడియో డబ్ చేస్తే, అంచు ట్రాకులో పాట, హై-ఫై ట్రాకులో అసలు మాటలు ఉంటాయి! కాబట్టి పాత టేపును డిజిటల్‌లోకి మార్చేటప్పుడు హై-ఫై వీసీఆర్‌నే వాడి, రెండు ట్రాకులనూ విడివిడిగా విని చూడండి. అయితే ఇంటికి చేరినది నకలు మాత్రమే అయి, నకలు తీసేటప్పుడే పాట కలిపి ఉంటే ఈ ఉపాయం పనిచేయదు.

1995లో వచ్చిన డీవీ టేపు ఔత్సాహికులకు పెద్ద వెసులుబాటు ఇచ్చింది. 12-బిట్ పద్ధతిలో తీస్తే నాలుగు ధ్వని చానళ్లు లభించేవి: రెండు అసలు ధ్వనికి, రెండు తరువాత చేర్చే వ్యాఖ్యానానికో సంగీతానికో. రెంటి పాళ్లు చూసేటప్పుడు సరిచేసుకోవచ్చు. కాని మేలైన 16-బిట్ నాణ్యత కావాలనుకొంటే రెండు చానళ్లే మిగిలేవి. తరువాత ఐమూవీ (1999), విండోస్ మూవీ మేకర్ (2000) వంటి సాఫ్ట్‌వేర్లు ట్రాకులను కంప్యూటర్ తెరమీదే విడివిడిగా చూపాయి.

పరికరాల అడ్డంకి తొలగినా చెవి సమస్య మిగిలింది. తగ్గుస్థాయి శబ్దంలో మంద్రస్వరాలు మన చెవికి మరింత తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే ప్రకటించారు. అందుచేత హెడ్‌ఫోన్‌లో గట్టిగా వింటూ కుదిర్చిన పాళ్లు, చిన్న ఫోన్ స్పీకరులో తగ్గించి విన్నప్పుడు మారిపోతాయి. దీనికి తోడు, వ్యాఖ్యానం రాసి చదివినవారికి ప్రతి మాటా కంఠతా వచ్చు. సంగీతం మింగేసిన మాట కూడా వారికి వినబడుతున్నట్లే ఉంటుంది. కనుక పరీక్షించవలసినది మీరు కాదు, ఆ మాటలు ముందెన్నడూ వినని మరొకరు. కొలత కావాలంటే 2008 నాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు (అత్యున్నత స్థాయి ప్రమాణంగా) నేపథ్య ధ్వని మాటకంటే కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలన్నాయి. అంటే ధ్వని పీడనంలో పదో వంతు. నా దృష్టిలో ఇంటి వీడియోకు ఇది మంచి ప్రారంభ బిందువు. సాహిత్యం ఉన్న పాటైతే ఇంకా తగ్గించవలసి రావచ్చు, ఎందుకంటే అక్కడ పోటీ మాటకూ మాటకూ మధ్య.

ఒక విషయం గమనించండి. ఫోన్‌లో ఎడిట్ చేసిన వీడియోను సేవ్ చేసినప్పుడు విడి ట్రాకులన్నీ మళ్లీ ఒకటైపోతాయి. ప్రాజెక్టునూ అసలు క్లిప్పులనూ తొలగించి, వాట్సాప్‌లో పంపిన తుది ఫైలునొక్కదాన్నే దాచుకొన్న కుటుంబం దగ్గర ఉన్నది, ధ్వని విషయంలో, పాట డబ్ చేసిన వీహెచ్ఎస్ నకలు వంటిదే.