అన్నమదేవుడు: బస్తరు కాకతీయుల వంశకథ

క్రీ. శ. 1323 లో ఓరుగల్లు ఢిల్లీసేనల వశమయ్యెను. బందీయై కొనిపోబడుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున కాలధర్మము నొందెనని ప్రోలయనాయకుని విలస శాసనము చెప్పుచున్నది. ఆతనితో సామ్రాజ్యము ముగిసెననుటలో వివాదము లేదు. వంశము ముగిసినదా యనునదే ప్రశ్న.

ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు ఓరుగల్లు వీడి, గోదావరి దాటి, అడవులలో నూతనరాజ్యమును స్థాపించెనని బస్తరు రాజకుటుంబము విశ్వసించుచు వచ్చినది. మన జైపూరునకు తూర్పుగా ప్రాణహిత దాటి, ఇంద్రావతి వెంట సాగినచో చేరెడి దేశమది. దంతేశ్వరీదేవి అందెల రవళితో ఆతని వెన్నంటి వచ్చెననియు, ఏటి యిసుకలో అందెలు కూరుకొని చప్పుడు నిలువగా ఆతడు వెనుదిరిగి చూచెననియు, దేవి అంతట నిలిచిపోయెననియు అచటివారు చెప్పుదురు.

కథ కంటె గట్టి ఆధారము దంతెవాడ శాసనము. దిక్పాలదేవుడు 1703 లో దేవీదర్శనము చేసి వేయించినది. సంస్కృతమున నొకటి, దేశభాషలో నొకటి, రెండు రాళ్లు. కలియుగమున సంస్కృతము చదువగలవారు కొలదిమంది గావున రెండవది వ్రాయించినట్లు అందే యుండుట ముచ్చట గొలుపును. ప్రతాపరుద్రుడు నవలక్షధనుర్ధరుల కధిపతి యనియు, ఆతని సోదరుడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి బస్తరున రాజయ్యెననియు దాని సారము.

ఈ సాక్ష్యము విలువ యెంత? సామ్రాజ్యపతనమునకును శాసనమునకును నడుమ 380 ఏండ్లు. వంశావళిలో తరములు పదింటికి మించవు. తరమునకు 38 ఏండ్లకు తక్కువ గాకుండ వేయుట కంటె, నడుమ పేర్లు జారిపోయినవనుట యుక్తము. మఱియు ఆస్థానకవి విద్యానాథుడు కాకతీయకులమును సూర్యచంద్రవంశములకు మీఱినదిగా వర్ణింపగా, ఈ శాసనము వారిని అర్జునుని సంతతియని సోమవంశమున చేర్చినది. వీనికంటె బలమైన యాక్షేపణ మొకటి కలదు. విలస శాసనము రాజసోదరుని పేరెత్తదు. 1336 ప్రాంతమున కాపయనాయకుడు ఓరుగల్లును మరల గైకొనినప్పుడు కాకతీయుని సింహాసన మెక్కింపలేదు. తానే యేలి, ఆంధ్రసురత్రాణ బిరుదము వహించెను. హక్కుదారు సమీపారణ్యమున సజీవుడై యుండ, కాకతీయ నామమునకు గల గౌరవమును నాయకు లేల వాడుకొనరైరి?

అట్లని కథను పూర్తిగ త్రోసివేయ నొల్లను. 1324 నాటి టేమరాశిలలో చక్రకోటమున నాగవంశపు హరిశ్చంద్రదేవుడు కనబడుచున్నాడు. పిమ్మట నాగులు మఱుగుపడిరి. ఆ సంధికాలమున తెలుగుప్రభువొకడు దక్షిణమునుండి వచ్చియుండుట సంభావ్యమే. అన్నమ యనునది అచ్చముగ తెలుగువారి పేరు. సోదరత్వము మాత్రము 1703 నాటి మాట.

బస్తరు సంస్థానము 1948 లో భారతదేశమున విలీనమయ్యెను. మాతృపక్షమున ఆ వంశమునకు చెందిన ప్రవీరచంద్ర భంజదేవుడు 1966 మార్చి 25 న జగదల్‌పూరు ప్రాసాదమున పోలీసుకాల్పులలో మరణించువఱకు తన పేరున ‘కాకతీయ’ యను మాటను నిలుపుకొనెను.