ఉర్దూ మీడియం సినారె, ఇంగ్లీషు మీడియం మనం

మొన్న ఆదివారం తార్నాకలో స్నేహితుడింట్లో భోంచేసి, ఎండ తగ్గాక ఇద్దరం అలా ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచాం. ఆర్ట్స్ కాలేజీ ముందు కూచోగానే మావాడు వాళ్ళమ్మాయి సంగతి ఎత్తాడు. "2018లో చట్టం తెచ్చారు కాబట్టి బళ్ళో తెలుగు చెబుతున్నార్రా. పాసు మార్కులొస్తే చాలు. ఇంగ్లీషు మీడియం పిల్లకి తెలుగేం వస్తుంది?" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. నాదీ ఇంగ్లీషు మీడియమే. మా ఆవిడకి తెలుగులో మెసేజి పెట్టాలన్నా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాను.

ఇంటికొచ్చాక సినారె గుర్తొచ్చారు. ఉస్మానియాలో ఏళ్ళ తరబడి తెలుగు పాఠం చెప్పిన ఆయన చదువు ఏ మీడియమో తెలుసా? ఉర్దూ!

సి. నారాయణరెడ్డి 1931 జూలై 29న హనుమాజీపేటలో ఓ రైతు ఇంట పుట్టారు. అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల. నిజాం ఏలుబడిలో కచేరీ భాష ఉర్దూ, బడి భాషా ఉర్దూనే. 1918లో పెట్టిన ఉస్మానియాలో డిగ్రీ చదువులు కూడా ఉర్దూలోనే మొదలయ్యాయి. కుర్రాడి హైస్కూలు చదువంతా అలాగే సాగింది. మరి తెలుగు ఎక్కణ్ణించి వచ్చింది? ఊళ్ళో హరికథలు, జంగం కథలు, జానపద గేయాలు... అంతా చెవిన పడ్డదే.

ఆ చెవితోనే హైదరాబాదొచ్చి తెలుగు ఎమ్మే చేశారు. ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాల మీద పరిశోధించి 1962లో డాక్టరేటు తీసుకున్నారు. అదే ఏడాది 'గులేబకావళి కథ'తో సినిమా పాటల్లోకీ వచ్చారు. 'మంటలు-మానవుడు'కి 1973లో సాహిత్య అకాడమీ అవార్డు. 1980లో వచ్చిన 'విశ్వంభర'కి 1988 జ్ఞానపీఠం. విశ్వనాథ తర్వాత తెలుగుకి అది రెండోది. 2017 జూన్ 12న కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నారు.

ఉర్దూ ఆయన తెలుగుని తినెయ్యలేదు సరికదా, పెట్టుబడి అయింది. దాశరథి తెలుగులో గజల్ మొదలుపెడితే, సినారె సభల్లో తనే పాడి దాన్ని జనంలోకి తీసుకెళ్ళారు. గజల్లో ప్రతి రెండో పాదం చివర ఒకే మాట తిరిగి రావాలి, దాని ముందు ప్రాస కుదరాలి. ఉర్దూ చెవి, తెలుగు నాలుక రెండూ ఉన్నవాడికి గానీ అది లొంగదు.

"ఆయన మహాకవి, అందరూ అవుతారా?" అనొచ్చు మీరు. నిజమే, నేనూ అదే అనుకున్నా. కానీ ఆ ఊళ్ళో వీధి తెలుగు మాట్లాడింది, ఇల్లు తెలుగు మాట్లాడింది. బడి ఒక్కటే మాట్లాడలేదు. మన ఫ్లాట్లలో సంగతేంటి? "బేటా, కమ్ హియర్, ఈట్ ఫాస్ట్" అంటున్నది బడి కాదు కదా, మనమే! నేరం మీడియం మీదకి తోసేసి మనం తప్పుకుంటున్నాం.

మావాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఇప్పుడేం చెయ్యమంటావ్?" అన్నాడు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఆ పిల్లకి తెలుగులో ఓ కథ చెప్పమన్నాను. "నాకు కథలెక్కడొచ్చురా" అన్నాడు. "మీ అమ్మకొచ్చు, పక్కగదిలోనే ఉంటుందిగా" అన్నాను.

తర్వాత మా ఆవిడకి మొదటిసారి తెలుగు అక్షరాల్లో మెసేజి పెట్టాను. రెండు లైన్లకి ఐదు నిమిషాలు పట్టింది.

జవాబు వెంటనే వచ్చింది: "ఒంట్లో బావుందా?"