బందరు రాళ్ళ దగ్గర ఒక ప్రశ్న



సెలవులొస్తే మన దివిసీమ యవ్వనస్థులకు మంగినపూడి బీచి గుర్తొస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు నేనొక షరతు పెట్టాను: ముందు బందరులో ఆగాలి, ఆ తర్వాతే సముద్ర స్నానం.

బందరు ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల రేవు. ఈ ప్రాంతపు అద్దకం బట్టలు ఇక్కడే ఓడలెక్కేవి. వాటి కోసం డచ్చివారు వచ్చారు. ఇంగ్లీషువారు 1611లో వర్తకశాల తెరిచారు. తర్వాత ఫ్రెంచివారూ వచ్చారు. ఆ కంపెనీలు పోయాయి గాని పేటల పేర్లు మిగిలాయి. డచ్చివారిని మన పెద్దలు వలందులు అనేవారు, అదే వలందపాలెం. ఫ్రెంచివారు పరాసులు, అదే పరాసుపేట.

డచ్చివారి సమాధుల మీద చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు మూడు వందల ఏళ్ళు దాటినా నిలిచి ఉన్నాయి. పిల్లలు వాటిని వేళ్ళతో తడిమి చూశారు. అక్కడే వారికి ఉప్పెన సంగతి చెప్పాను. 1864 నవంబరు 1 రాత్రి తుపానులో సముద్రం బందరు మీదికి వచ్చింది. ఇంచుమించు 30,000 మంది చనిపోయారు.

ఒక పిల్లవాడు చుట్టూ చూసి, "మరి వాళ్ళ సమాధులు ఎక్కడ అయ్యగారూ?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వర్తకుల పేర్లు రాతి మీద ఉన్నాయి. వారి ఓడలకు మూటలు మోసినవారి పేర్లు ఎవరు రాశారు? మన మిషను చరిత్ర మాత్రం తక్కువ తిన్నదా? 1841లో వచ్చి, 1843లో బడి తెరిచి, స్వదేశానికి తిరిగి వెళ్ళకుండా 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించిన రాబర్టు నోబుల్ దొరగారు మనకు తెలుసు. ఆయన పేరున కళాశాల ఉంది. అది తగినదే. కాని ఆయనతో కలిసి పనిచేసిన తెలుగువారి పేర్లు మనలో ఎందరికి తెలుసు?

తిరిగి వస్తూ అవనిగడ్డ దగ్గర పులిగడ్డలో, 1977 ఉప్పెన స్మారకం ముందు ఆగాము. ఆ నవంబరు 19న పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. నేను అప్పటికి పుట్టలేదు. వంటకు సాయంగా మాతో వచ్చిన మామ్మ మెల్లగా వ్యాను దిగి, తన తమ్ముళ్ళిద్దరి పేర్లు పైకి చెప్పింది. ఆమె మనవడు కూడా ఆ పేర్లు అదే మొదటిసారి విన్నాడు. వెంటనే ఫోనులో రాసుకున్నాడు.

యెహోషువ 4వ అధ్యాయం చదవండి. యొర్దాను దాటాక దేవుడు పన్నెండు రాళ్ళు నిలబెట్టమన్నాడు. ఎందుకు? రేపు పిల్లలు అడుగుతారని, అడిగినప్పుడు తండ్రులు చెప్పాలని. రాయి దానంతటది మాట్లాడదు. పక్కన చెప్పే మనిషి ఉండాలి.

మనవారిని దేవుడు మరచిపోలేదు. మరచిపోతున్నది మనమే. ఆనాటిని చూసిన పెద్దలు మన సంఘంలో ఏడుగురే మిగిలారు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మందిరంలో ఒక నోటుపుస్తకం పెడతాను. మీ ఇంట్లో ఉప్పెనలో పోయినవారి పేర్లు రాయించండి. మన సంఘంవారు కాకపోయినా, పొరుగువారైనా సరే. రాయలేని పెద్దలకు మన యవ్వనస్థులు రాసిపెడతారు.

మీ ప్రార్థనలలో నన్ను కూడా జ్ఞాపకం చేసుకోండి.

మీ కాపరి