హరిత రసాయనశాస్త్రము: పుట్టుపూర్వోత్తరాలు

కోయంబత్తూరునుండి పొల్లాచికి పోవు మార్గమున, పొన్మలై వేలాయుధస్వామి కొండను ఆనుకొని యున్న కినత్తుకడవు ప్రాంతమందు, విజయనగర కాలమున దక్షిణమునకు తరలివచ్చి నేటికిని ఇంటిలో తెలుగే మాటాడుకొను కుటుంబములు పెక్కు కలవు. చుట్టును కొబ్బరితోటలు, తోటల నడుమ పీచుమిల్లులు, మిల్లుల వెనుక గోధుమవన్నె పొట్టు గుట్టలు. డొక్కనుండి పీచు తీయగా మిగులు ఈ పొట్టు చిరకాలము ఎవరికిని అక్కరకు రానిదై యుండెను. లిగ్నిన్ అధికముగా నుండుటచే అది త్వరగా చివుకదు. వానకు తడిసిన గుట్టనుండి టానిన్లు కారి నేలలోనికి ఇంకును. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు ఆ పొట్టుపై ప్లూరోటస్ అను పుట్టగొడుగు విత్తనమును, కొలది యూరియాను పొరలుపొరలుగా చల్లి, తడి ఆరకుండ కాపాడి, లిగ్నిన్‌ను విరుగగొట్టు పనిని ఆ శిలీంధ్రపు ఎంజైములకే అప్పగించిరి. కర్బన నత్రజనుల నిష్పత్తి 112:1 నుండి 24:1 వరకు దిగి, పొట్టు ఎరువాయెను. కొలిమి లేదు, ఆమ్లము లేదు, విషద్రావణి లేదు. హరిత రసాయనశాస్త్రము కోరు గుణములలో ముఖ్యమైనవి ఈ చిన్న పనియందు ఇమిడియున్నవని నా తలంపు.

ఆ శాస్త్రము పుట్టుటకు కారణమైన దోషమును తెలిసికొనుటకు రంగుల చరిత్రలోనికి పోవలెను. మచిలీపట్నపు అద్దకపువారు చిరివేరునుండి తీసిన ఎరుపునకు మూలమైన అలిజరిన్‌ను, 1869లో జర్మనీయందు గ్రేబె, లీబెర్మన్ అనువారు తారునుండి తీసిన ఆంత్రసీనుతో కృత్రిమముగా సాధించిరి. అంతకు 13 ఏండ్ల ముందే, 1856లో, లండనునందు పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ క్వినైను చేయబోయి ఊదారంగును కనుగొనెను. వీరికి ముడిసరుకైన తారు, బొగ్గునుండి దీపములకు వాయువు తీయు కర్మాగారములు పారవేయజూచిన వ్యర్థమే. ఒకరి వ్యర్థము మరొకరికి ధనమగుట మెచ్చదగినదే. కాని ఆ ధనమును చేయు కార్ఖానాలు తమ వంతు వ్యర్థమును రైన్ మొదలైన నదులలోనికి వదలినపుడు దానికి లెక్క వ్రాసినవారు లేరు. ఎంత సరుకు వచ్చెనన్నదే ప్రశ్న. ఏమి మిగిలెనన్నది నూరేండ్లు ప్రశ్నయే కాలేదు.

1962లో రేచెల్ కార్సన్ గ్రంథము పురుగుమందుల కీడును లోకమునకు చాటెను. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలునందు సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేటు వెలువడి వేలమందిని బలిగొనెను. ఆ విషము అమ్మదగిన సరుకు కాదు; కార్బరిల్ అను పురుగుమందు చేయు దారిలో నడుమ పుట్టు పదార్థము మాత్రమే. దానిని నిలువజేయక, అది పుట్టనే పుట్టని మరియొక క్రమమున కార్బరిల్ చేయవచ్చునని రసాయనజ్ఞులు ఎరుగుదురు. అపాయమును గోడలచేతను కవాటములచేతను కాపలా కాయుటకంటె అపాయకరమైన వస్తువునే తొలగించుట మేలను విచారము ఇట్టి దుఃఖమునుండియే బలపడెను.

అమెరికాలో 1990లో కాలుష్య నివారణ చట్టము వచ్చెను. మరుసటి ఏట బారీ ట్రోస్ట్ ఒక కొత్త లెక్కను ప్రతిపాదించెను: చర్యలోనికి పోయిన పరమాణువులలో ఎన్ని సరుకులో నిలిచెను? దిగుబడి నూటికి నూరైనను ఉపపదార్థములుగా సగము బరువు పారిపోవచ్చును గదా. 1992లో రోజర్ షెల్డన్ మరింత నిక్కచ్చిగా అడిగెను: కిలో సరుకునకు ఎన్ని కిలోల వ్యర్థము? పెట్రోలియము శుద్ధిలో అది కిలోలో పదవ వంతు. మందుల తయారీలో 25 మొదలు 100కు పైన. ప్రాణము నిలుపు మందే అన్నిటికంటె ఎక్కువ చెత్తను వెనుక వదలుచుండెనని తెలిసి రసాయనజ్ఞులు కలతపడిరి. 1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ ఈ భావములను హరిత రసాయనశాస్త్రపు 12 సూత్రములుగా కూర్చి గ్రంథస్థము చేసిరి. వాటిలో మొదటిది తక్కినవాటికి తల్లివంటిది: వ్యర్థము పుట్టిన పిదప శుద్ధిచేయుటకంటె పుట్టకుండ చేయుట మేలు.

నొప్పిమాత్రయైన ఐబుప్రొఫెన్ ఇందుకు పేరుపొందిన దృష్టాంతము. పూర్వపు ఆరు మెట్ల పద్ధతిలో పరమాణువులలో నూటికి 40 మాత్రమే మందులో నిలిచెడివి. 1992లో టెక్సాసునందు మొదలైన మూడు మెట్ల పద్ధతిలో 77 నిలిచినవి. అందులో ఉత్ప్రేరకమైన హైడ్రోజన్ ఫ్లోరైడును పట్టి మరల వాడుదురు. అయినను అది ఘోరమైన విషమేనని మరువరాదు. ఉత్ప్రేరకమును పోగొట్టుకొనక మరల మరల వాడవలెనన్న పట్టుదలతోనే హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థయందు చౌదరి, లక్ష్మీకాంతం ప్రభృతులు, పల్లాడియం సూక్ష్మకణములను పొరలపొరల హైడ్రాక్సైడులపై నిలిపిన పద్ధతిని 2002లో ప్రకటించిరి.

ఇక మన కోయంబత్తూరు సీమకు వత్తము. వెళ్లియంగిరి కొండలలో పుట్టి కోయంబత్తూరు, తిరుప్పూరుల మీదుగా పారి కావేరిలో కలియు నొయ్యల్ నదికి పట్టిన గతి ఈ శాస్త్రము ఎందులకో తెల్పును. తిరుప్పూరు అద్దకపు శాలలలో వాడు, 1956లో విపణికి వచ్చిన రియాక్టివ్ రంగులు నూలుతో గట్టి బంధము కట్టుకొనును గాని, వాటిని నూలువైపు తోలుటకు తొట్టిలో ఉప్పు మెండుగా కలుపవలెను; ఆ ఉప్పంతయు, నీటితో చర్యపొంది చెడిన రంగును వెలికి పోవును. సేద్యమునకై ఆ నదిపై 1992లో కట్టిన ఒరత్తుపాళయము జలాశయము అద్దకపు నీటికి నెలవాయెను; దిగువ రైతుల బావులు ఉప్పుబారినవి. తుదకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆనతిచే దాదాపు 700 అద్దకపు శాలలు మూతపడెను.

పిమ్మట అచటివారు పొరల వడపోతను, ఇగురబెట్టు యంత్రములను నెలకొల్పి నీటిని, ఉప్పును మరల వాడుకొనుచున్నారు. ఇది గొప్ప ప్రయాసము. ఆ శ్రమను తక్కువ చేయువాడను కాను. కాని ఉప్పునీటిని మరిగించుటకు ఇంధనము మండవలెను, తుదకు అడుగంటిన మిశ్రలవణములకు చోటు వెదకవలెను. ఇది మొదటి సూత్రమునకు దరిదాపున నున్నదే గాని ఆ సూత్రము కాదు. నూలునకు ముందే ధనావేశము కల్పించి ఉప్పు లేకయే రంగు పట్టించు ప్రయత్నము సూత్రమునకు మరింత చేరువ. అందులకు వాడు రసాయనము చర్యాకాలమున ఎపాక్సైడుగా మారును. ఎపాక్సైడులు జీవకణములకు హానికరములు. కావున దానిని కార్మికుని చేతికి తగులనీయని విధమును, అంతకంటె సాధువైన మరియొక పదార్థమును వెదకు పని అద్దకపు రసాయనజ్ఞుల ముందు ఇంకను మిగిలియున్నది.