పెట్టెలో దాచిన మూడు జతల బట్టలు

మన వైపు మనిషి పోతే ఆయన బట్టలు ఎవరికైనా ఇచ్చేస్తాం, లేదంటే ఏట్లో వదిలేస్తాం కదా. స్వీడన్‌లో మార్తా అనే ఆవిడ అలా చెయ్యలేదండి. 1567 మే 24న ఉప్సల కోటలో ఆమె భర్త స్వాంతే స్తూరెను, కొడుకులు నిల్స్, ఎరిక్‌లను చంపేశారు. రాజద్రోహం అని అనుమానం. నిల్స్‌ను పొడిచింది సాక్షాత్తూ రాజు, పద్నాలుగో ఎరిక్! ఆవిడ ఆ బట్టల్ని పెట్టెలో పెట్టి దాచింది.

ఆ లాగులు చూడాలి. తొడల మీద పొడుగు పట్టీలు, ఆ సందుల్లోంచి లోపలి పల్చటి పట్టు గుడ్డ గోనెసంచి చిరిగి పత్తి బయటికొచ్చినట్టు ఉబ్బి వేలాడుతుంది. జర్మన్ కిరాయి సైనికులు తెచ్చిన ఫ్యాషన్ అది. పొలానికి మాత్రం పనికిరాదు లెండి!

బొమ్మల్లో అయితే పైపైనే కనిపిస్తుంది. ఎక్కడ కత్తిరించారో, లోపల ఏం కుట్టారో గుడ్డే చెప్పాలి. బ్రిటన్‌కి చెందిన జానెట్ ఆర్నాల్డ్ ఇలాంటి పాత బట్టల్ని కొలిచి, ముక్కముక్కా గీసి, 1985లో పుస్తకం వేసింది. ఆమె గీతలు చూసి ఇవాళ దర్జీలు మళ్ళీ కుట్టగలుగుతున్నారు.

కత్తి దిగిన చిరుగులు మాత్రం ఎవరూ కుట్టలేదు. ఉప్సల చర్చిలో అద్దాల వెనక అలాగే ఉన్నాయి.