పనిముట్టులపై పల్లె తీర్పు

చరిత్ర వ్రాయువారు రాజుల యుద్ధములను, సంధులను మొదట చెప్పుదురు. అది తగినదే. కాని ఒక యింటిలో ఎక్కబుడ్డి ఆరి విద్యుద్దీపము వెలిగిన సాయంకాలము కూడ చరిత్రయే. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” ఈ మార్గమును తెలుగువారికి చూపినది. ప్రజల తిండి, బట్ట, ఆట, వేడుక, ఆచారము చరిత్రకెక్కదగినవని నిరూపించిన ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ మార్గముననే, కరీంనగరు ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలు గత నూఱేండ్లలో తమ గడప దాటి వచ్చిన కొత్త పనిముట్టులను గూర్చి ఏమనుకొన్నవి, ఆ యనుకొన్న మాటలలో ఏది నిలిచినది, ఏది నిలువలేదు అను విషయము విచారింపదగియున్నది. 2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభక్తములైనవి. ఇచట పాత పేళ్ళనే మొత్తము ప్రాంతమునకు వాడుట జరిగినది.

యంత్రమన్నది పరదేశపు వస్తువనియు, పల్లెకు దానితో పొత్తు లేదనియు పెద్దలు పలుమారు అందురు. చరిత్ర ఈ మాటను సమర్థింపదు. నిర్మల ప్రాంతపు ఇనుపరాయి నుండి తీసిన ఇనుమును, పొరుగుననున్న కోనసముద్రములో మట్టి మూసలయందుంచి, తిత్తులతో గాలి యూది, గంటల తరబడి కాచి కమ్మరులు ఉక్కు చేయుచుండిరి. ఆ యుక్కును కొనుటకు పారసీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. హెన్రీ వాయిసీ యను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దారంభమున ఆ కొలుములను స్వయముగా చూచి వర్ణించెను. కావున పనిముట్టును చేయుట గాని, దాని మంచిచెడ్డలు తూచుట గాని ఈ నేలకు కొత్త కాదు. కొత్తదనము వేఱొకచోట నున్నది. ఆనాడు వస్తువును చేయువాడును, దానిని గూర్చి తీర్పు చెప్పువాడును ఒకే వాడకట్టున నుండిరి. 20వ శతాబ్దిలో వస్తువు ఎచటనో తయారై వచ్చెను. తీర్పు మాత్రము చావడి అరుగుమీద జరిగెను.

ఆ చావడిని పట్టుకొని విచారించినచో విషయము తేటపడును. పల్లెను రెండుగా చీల్చిన తొలి యంత్రములలో పిండి గిర్ని యొకటి. అంతకుముందు కోడి కూయక మునుపే లేచి స్త్రీలు విసుర్రాతి ముందు కూర్చుండి జొన్నలు, మక్కలు విసరెడివారు. రొట్టెకును గట్కకును ఆ పిండియే ఆధారము. గిర్ని వచ్చినంతనే చావడి మీద తీర్పు వెలువడెను: “గిర్ని పిండిల సత్తువ లేదు, రొట్టె ఇరిగిపోతది.” విసరుట మానిన ఆడువారికి ఒళ్ళు వంగదనియు, రోగములు పెరుగుననియు మఱికొందఱనిరి. పిండి వేడెక్కి రుచి మారుట కొంత నిజమే. కాని ఈ మాటలన్నవారిలో విసుర్రాయి పట్టిన చేయి ఒక్కటియు లేదు. చావడి మీద కూర్చుండు అధికారము స్త్రీకి లేకుండెను. ఆమె అభిప్రాయము మాటలలో గాక నడకలో తెలిసినది: జొన్నల గంప నెత్తిన పెట్టుకొని, రెండు మూడు మైళ్ళు నడిచియైనను ఆమె గిర్నికే పోయెను. పల్లె చరిత్రలో ఇది చిన్న తీర్పు కాదు.

విసుర్రాతి పాటలు పోయినవని విచారించువారును కలరు. ఆ విచారము గౌరవింపదగినదే. ఐనను ఆ పాటలు పూర్తిగా నశింపలేదు. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను ఊరూర సేకరించి, పరిశోధించి, 1958లో “తెలుగు జానపద గేయ సాహిత్యము” ప్రకటించిరి. పాట పుస్తకమునకెక్కి బ్రతికినది. భుజము నొప్పి మాత్రమే పోయినది. రెండింటిలో ఏది ఉండదగినదో అది నిలిచినందుకు సంతసింపవలెను.

యంత్రముల విషయమున మిక్కిలి అనుమానము గల గాంధీమహాత్ముడు కూడ 1924లో ఒక సంభాషణమున సింగరు కుట్టుమిషనును మినహాయించెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమను చూడలేక, ఆమెపై ప్రేమతో సింగరు దానిని కల్పించెనని ఆయన మెచ్చుకొనెను. ఆయన నిరసించినది యంత్రమును కాదు, యంత్రముపై వెఱ్ఱిని. ఈ మాటనుండి మొదటి ప్రశ్న పుట్టుచున్నది: ఈ పనిముట్టు ఎవరి శ్రమను తగ్గించినది? ఆ శ్రమపడినవారినే అడిగితిమా?

ఇక రేడియో సంగతి. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో నిజాము ప్రభుత్వము చేతికి వచ్చెను. 1950 ఏప్రిలు 1న ఆకాశవాణిలో చేరెను. పల్లెలలో రేడియో మొదట ఒకరి సొత్తుగా గాక, అందఱి వినికిగా ప్రవేశించినది. పెట్టె ఖరీదు హెచ్చు. పైపెచ్చు ఏటేట తపాలాఫీసులో రుసుము కట్టి లైసెన్సు పుచ్చుకొనవలసి యుండెను. కావున పంచాయతీ కచేరీ ముందో, పఠనమందిరపు వాకిటనో ఒక పెట్టె మోగెడిది, నలుబదిమంది వినెడివారు. పురాణము తెలిసిన పల్లెకు ఈ వింత ఎంతోకాలము వింతగా నుండలేదు. కంసుడు విన్న ఆకాశవాణి ఉండగా, వార్తలు చెప్పు ఆకాశవాణి ఏల ఉండరాదు? పేరే పరిచయము చేసినది.

టెలివిజనుకును ఇట్టి పురాణబంధువు దొరకెను. వ్యాసుని వరమున సంజయుడు హస్తినలోనుండియే కురుక్షేత్రమును చూచెను గదా! 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రారంభమైనది. ఈ జిల్లాల పల్లెలకు బొమ్మ చక్కగా అందుటకు ఇంకను కొన్నేండ్లు పట్టెను. 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వఱకు ఆదివారపు ఉదయములందు రామాయణము ప్రసారమైనపుడు, టీవీ గల యింటి వాకిలి దేవాలయమైనది. పెట్టెకు పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టినవారును కలరు. సంజయుని పోలిక తెచ్చువారు ఒక సంగతి మఱువరాదు. సంజయుడు చూచి చెప్పినదంతయు ధృతరాష్ట్రుడు వినెను; విని తన మనసు మార్చుకొనలేదు. దూరమున జరుగునది తెలియుట వేఱు, దానివలన బుద్ధి గలుగుట వేఱు. మొదటిది పెట్టె చేయగలదు. రెండవది వినువాడు చేసికొనవలసినదే.

ఈ రెండు జిల్లాలకు ప్రత్యేకమైన అధ్యాయమొకటి కలదు. 1970ల తరువాత జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి వేలకొలది యువకులు గల్ఫు దేశములకు కూలికి పోయిరి. వారు తిరిగివచ్చునపుడు తెచ్చిన టేపురికార్డరు, చేతిగడియారము, టార్చిలైటు పల్లెలో గొప్ప చర్చకు తావిచ్చెను. “అప్పు తీరకముందే పాటల పెట్టె” అని చావడి నవ్వెను. అప్పుచేసి దుబాయి పోయినవాని యింట ఆ పెట్టెను చూచినవారికి అట్లు తోచుట సహజము. కాని ఆ పెట్టె చేసిన పని పాటలు పాడుటయొక్కటే కాదు. అంతవఱకు భర్త వ్రాసిన ఉత్తరమును చదువురాని భార్య బడిపంతులు చేతనో, పట్వారీ చేతనో చదివించుకొనెడిది. కాపురపు మాట, అత్తయింటి కష్టము, పంపిన సొమ్ము లెక్క, అన్నియు పరాయి నోట వినవలసి వచ్చెడిది. జవాబును పరాయి కలముతో పలుకవలసి వచ్చెడిది. సిగ్గుచేత చెప్పదలచినది చెప్పక విడిచిన మాటలెన్నియో! కేసెట్టులో మాటలు నింపి, ఊరికి వచ్చువారి చేత పంపుకొను పద్ధతి వచ్చిన పిమ్మట ఆమె తలుపు మూసికొని భర్త గొంతు వినెను; తన గొంతుతో బదులు చెప్పెను. మూడవ మనిషి నడుమ లేని ఉత్తరము ఆమెకు అదియే మొదటిది. చావడి దానిని విలాసమనెను. ఆమె దానిని ఏమనెనో వ్రాసిపెట్టినవారు లేరు.

శ్రమ తగ్గుటతో విచారణ ముగియదు. పనిముట్టు ఎవరి చేతిలోనున్నది అనునది రెండవ ప్రశ్న. దీనికి సిరిసిల్ల చక్కని ఉదాహరణము. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిమ్మట, దేశమున ప్రయోగముగా స్థాపితములైన తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్ల సంఘమొకటి. అది 1970లో పని ప్రారంభించెను. దీపము పెట్టుకొన్నవాడే అందు వాటాదారు, ఓటరు. తీగ తెగినచో ఎవరిని అడుగవలెనో అతనికి తెలియును; అడుగు హక్కును అతనికి కలదు. సెస్సు అను పొట్టిపేరుతో ఆ సంఘము నేటికిని నడచుచున్నది. “కరెంటు షాకు కొట్టును, ఇల్లు కాలును” అని భయపడిన తరమే, తన వాటా గల సంఘము తెచ్చిన దీపమును చూచి ధైర్యము తెచ్చుకొనెను.

అదే సిరిసిల్లలో అదే విద్యుత్తుతో నడిచిన మరమగ్గము వేఱు కథ చెప్పును. బ్రతుకుతెరువునకై భీవండి, షోలాపురము, బొంబాయి పోయిన నేతవారు అచట మరమగ్గపు పని నేర్చిరి. క్రమముగా సిరిసిల్లయే మరమగ్గముల ఊరైనది. చేతిమగ్గముపై కాళ్ళు చేతులు పడు శ్రమను యంత్రము తగ్గించినమాట నిజము. కాని నూలు ఒకరిది, బజారు ఒకరిది, మగ్గము ఒకరిది, దానియెదుట రాత్రింబవళ్ళు నిలుచు కాళ్ళు మఱొకరివి. బజారు పడిపోయినపుడు ఆ భారమంతయు చివరివాని మీద పడెను. 1990ల చివరను, 2000ల తొలియేండ్లలోను సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమును కలచివేసినవి. 2017 నుండి కొన్నియేండ్లు ప్రభుత్వము బతుకమ్మ చీరల పనినిచ్చి కొంత ఊపిరి పోసెను. ఒకే ఊరు, ఒకే తీగ. దీపము వాడుకొనువాని చేతిలోనుండెను. మగ్గము అట్లు లేకపోయెను. ఫలము వేఱైనది.

నీటి మోటరు ఈ రెండు ప్రశ్నలను ఒక్కచోట చేర్చినది. మోటబావి యొద్ద తెల్లవారుజామున ఎడ్లను నడపిన మనిషికి మోటరు వరమే. కాని మోట తోడిన నీటికి ఎడ్ల అలసట హద్దు. మోటరునకు అట్టి హద్దు లేదు. బోరు లోతుగా వేసినవాని మోటరుకు ఆటోస్టార్టరు తగిలించినచో, విద్యుత్తు వచ్చినంతసేపు అది తనంత తానే తోడుచుండును. ఇరుగుపొరుగువాని బావి ఎండును. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు అమలైనది. అంతకుముందు ప్రయోగము జరిగిన కాలమున, పగలు తొమ్మిది గంటలు చాలును, అంతకు మించి వలదని కోరిన రైతులును కలరు. ఉచితముగా ఇచ్చునది వలదనుట పట్టణవాసికి వింతగా తోచవచ్చును. తన బావిలో నీరెంతయో ఎఱిగినవాడు చెప్పిన మాట గనుక అది ఈ చర్చలన్నింటిలో మిక్కిలి జ్ఞానముగల తీర్పు.

నేడు చావడి లేదు. ఉన్నను అందఱి చేతిలో ఫోను కలదు. పిల్లలు చెడిపోవుచున్నారను మాట నాటకమును, సినిమాను, నవలను గూర్చి వినబడినట్లే ఫోనును గూర్చియు వినబడుచున్నది. అందు నిజము లేకపోలేదు. నిదురను, చూపును, చదువును అది హరించుట తల్లిదండ్రులు చూచుచునే యున్నారు. ఐనను రెండు ప్రశ్నలను ఇచటను అడుగవలెను. 2020 సెప్టెంబరు 1న ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు మొదలైనపుడు, టీవీ గాని ఫోను గాని గల యింటి బిడ్డ చదివెను. అవి లేని యింటి బిడ్డ పొరుగింటి కిటికీ చూచెను. సిగ్నలు అందని ఆదిలాబాదు గూడెములలో పరికరమున్నను ప్రయోజనము కొఱతపడెను. ఆనాడు నష్టపోయిన బిడ్డను “ఫోను మంచిదా, చెడ్డదా” అని అడిగినచో వచ్చు జవాబు, మేడమీది తండ్రి చెప్పు జవాబు ఒకటి కావు.

అదే ఆదిలాబాదులో వేఱొక దృశ్యమును చూడవచ్చును. నార్నూరు మండలము గుంజాలలో గోండీ లిపిలోని వ్రాతప్రతులు పండితుల కంటబడినవి. ఆ లిపి 2018లో, ప్రపంచ లిపులను యంత్రములకు తెలుపు యూనికోడు పట్టికలో చేరెను. వృద్ధుల జ్ఞాపకములో మిగిలిన అక్షరము కంప్యూటరు తెరమీదికి, ఫోనులోనికి వచ్చుటకు దారి ఏర్పడినది. పనిముట్టు తన భాషను పలికినపుడు గోండు బాలునకు అది పరాయిది కాదు.

కావున కొత్త వస్తువు వచ్చినపుడెల్ల పల్లె చెప్పిన తీర్పులలో భయపడినవి, మురిసినవి రెండును త్వరలోనే మాసిపోయినవి. నిలిచినవి శ్రమపడినవాడు చెప్పిన మాటలు, నీటి లోతు తెలిసినవాడు చెప్పిన మాటలు. విచారకరమేమన, వ్రాతలోనికి ఎక్కనివి సరిగా ఆ మాటలే.

గ్రంథాలయము ఇచట చేయదగిన పని కలదు. గంగాధర సమీపమున కురిక్యాల బొమ్మలగుట్టపై 10వ శతాబ్దిలో జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందములు వేయేండ్లు దాటియు చదువ వీలగుచున్నవి. నలుబదియేండ్ల నాటి దుబాయి కేసెట్లు మాత్రము అటుకలమీద బూజుపట్టి, తుడుచుకొనిపోవుచున్నవి. రేడియో లైసెన్సు పుస్తకము, కందిలి, మోటతొండము, ఆ కేసెట్లు ఏ యింట మిగిలియున్నను అవి గ్రంథాలయమునకు చేరవలెను. వానితోపాటు, గిర్నికి గంప మోసిన ముసలమ్మను, భీవండి నుండి మరలివచ్చిన నేతగానిని కూర్చుండబెట్టి, వారి మాటను వారి పలుకులోనే వ్రాసికొనవలెను. ఆ సాక్షులలో పలువురు ఎనుబదియేండ్లు దాటినవారు. తదుపరి ఉత్సవము వఱకు ఆగిన పక్షమున ఆ పుటలు ఖాళీగానే మిగులును.